రాబియా ఉమ్మ గది కింద

భూమయ్యది జగిత్యాల పక్కన చిన్న ఊరు. ముప్ఫై ఎనిమిదో ఏట ఒమాన్ వచ్చేదాకా అతను సముద్రం ఎరగడు. నేను బందరు వాణ్ణి, ఉప్పుగాలిలో పుట్టి పెరిగినవాణ్ణి. ఆ తేడా వల్లే అతను నన్నడిగాడు, ఆ తేడా వల్లే నేను అబద్ధమాడగలిగాను. అతని గురించి రాస్తూ నా సంగతి దాచుకుంటే మళ్ళీ అదే పని చేసినట్టవుతుంది. కాబట్టి దాచను.

1989 సెప్టెంబరులో, ఒమాన్ తీరాన ఉన్న ఖురియాత్‌లో ఒక ఇల్లు కడుతున్నాం. నేను సైట్ ఇంజనీర్ని, భూమయ్య లేబర్. మస్కట్‌లో ఉద్యోగం చేసే ఒక ఒమానీ తన తల్లి కోసం కట్టిస్తున్న ఇల్లది. తల్లి పేరు రాబియా. అరవై దాటిన మనిషి, చేపలు పట్టే భర్త పోయి చాలా కాలమైంది. రోజూ పొద్దున ఫ్లాస్కులో కాఫీ, పళ్ళెంలో ఖర్జూరాలు తెచ్చి మావాళ్ళ ముందు పెట్టి, తినేదాకా కదిలేది కాదు. అందరం ఆమెను ఉమ్మ, అంటే అమ్మ, అనేవాళ్ళం.

పునాది గోడల మధ్య నింపడానికి ఇసుక కావాలి. లోపలి వాగుల నుంచి తేవాలంటే సగం రోజు పోతుంది. ఊరికి దక్షిణాన కొండల సందులో ఒక చిన్న బీచ్ ఉంది, మనిషి మసలడు. అక్కడ ఇసుక తియ్యడానికి బలదియా, అంటే మునిసిపాలిటీ, ఒప్పుకోదని అందరికీ తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు. అయినా తెల్లారుతూనే టిప్పర్ పంపించాను. డ్రైవర్ మౌలాలి, భూమయ్య పక్క ఊరివాడే.

మూడో లోడు దిమ్మరించగానే భూమయ్య కేక పెట్టాడు. ఇసుకలో తెల్లగా, గుండ్రంగా, పెద్ద నిమ్మకాయలంత గుడ్లు. పెంకు గట్టిగా లేదు, వేలితో నొక్కితే సొట్ట పడుతోంది. మావాళ్ళంతా పారలు కిందపడేసి వెనక్కి జరిగారు. పాము గుడ్డు చిదిమితే ఆ పాపం కన్నబిడ్డలకు తగులుతుందని వాళ్ళ నమ్మకం. భూమయ్య మాత్రం ఒక గుడ్డును అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"సార్, మీరు సదువుకున్నోళ్లు. ఇవి నాగమ్మ గుడ్లేనా?"

చూడగానే తెలిసింది. బందరు తీరాన కుక్కలు తవ్విపోసిన గుంటల్లో చిన్నప్పుడు ఇలాంటివెన్నో చూశాను. అవి తాబేలు గుడ్లు. ఆ మాట నా నోటి నుంచి వస్తే మౌలాలికి చేరుతుంది, మౌలాలి నుంచి ఊరికి, ఊరి నుంచి బలదియా ఆఫీసుకి. ఇసుక ఎక్కడిదని అడుగుతారు. పని ఆగుతుంది, నా మెడకు చుట్టుకుంటుంది. ఇదంతా ఆలోచించడానికి నాకు ఒక్క గుటక మింగినంతసేపు పట్టింది.

"పాము గుడ్లే భూమయ్యా. ఏదో ఒక మూల పెట్టేసి పని కానివ్వు," అన్నాను.

రెండు నిమిషాల్లో పూడ్చేస్తాడనుకున్నాను. గంటకు పైగా పట్టింది. కుప్పంతా చేత్తోనే వెతికి ఒక్కొక్కటీ తీశాడు. మొత్తం నూట ఆరు. ఉమ్మ పడకగది కాబోయే చోట, ఒక మూల, మోచేతి లోతున గుంట చేసి వాటిని పేర్చాడు. వాళ్ళుండే రూము నుంచి పసుపు తెప్పించి పైన చల్లాడు. ఇసుక గట్టిపరిచే మిషన్ను ఆ మూలకి రానివ్వలేదు, అక్కడ అరచేత్తోనే అదిమాడు.

"మరి పైన కాంక్రీటు పడుతుంది కదా, ఎలా బయటికొస్తాయి?" అని అడిగాను. వినోదం చూస్తున్నాను మరి.

"పాముకు తొవ్వ మనం సూపాల్నా సార్? పక్కకెల్లి అదే ఎతుక్కుంటది."

మిషన్ తిప్పని సంగతి చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అది నా మంచితనమని ఆ సాయంత్రం నాకు నేనే మురిసిపోయాను కూడా. ఎంత దయగలవాణ్ణి! మూడో రోజు ఆ ఇసుక మీద నల్ల ప్లాస్టిక్ షీట్ పరిచి నేల కాంక్రీటు పోయించాను.

గోడలు లేచాయి. నవంబరు మొదట్లో ఒక రోజు ఉమ్మ తన గది చూసుకోవడానికొచ్చి, మంచం ఇక్కడ వేసుకుంటానని ఆ మూల చూపించింది. భూమయ్య వద్దన్నాడు. కింద నాగమ్మ పిల్లలున్నాయని, ఇల్లు చల్లగా ఉంటుందని, భయపడొద్దని మౌలాలితో అరబ్బీలో చెప్పించాడు. శుభవార్త చెప్పినట్టు నవ్వుతూ చెప్పించాడట.

ఉమ్మ నవ్వలేదు. గుడ్లెలా ఉన్నాయని అడిగింది. భూమయ్య వేళ్ళు గుండ్రంగా చుట్టి చూపించాడు. పాము గుడ్డు కోలగా ఉంటుంది, గుండ్రంగా ఉండేది సముద్రపు తాబేలుది, అంది. ఎప్పుడు పూడ్చారని అడిగి వేళ్ళ మీద లెక్కపెట్టింది. యాభై రెండు రోజులు.

"ఇక వచ్చేస్తాయి," అందట ఆమె. "అవి పక్కలకి పోవు. పైకే వస్తాయి. వాటికి తెలిసిన దారి అదొక్కటే."

భూమయ్య నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "సార్, అవి తాబేళ్లట. మనకు ఎరుకలేక గట్ల సేసినం. నేల పలగ్గొట్టాలె, ఇప్పుడే."

మనకు అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. నేను ఇంజనీర్‌లాగా మాట్లాడాను. పోసిన నేల పగలగొడితే ఆఫీసుకి ఏం రాయాలన్నాను, ఈపాటికి అవన్నీ మురిగిపోయుంటాయన్నాను. ఈలోగా వెనకే వచ్చిన ఉమ్మ నా మాటలు మౌలాలిని అడిగి తెలుసుకుంది. తర్వాత నా వంక కూడా చూడకుండా భూమయ్యతో అంది: "నా గది. నా నేల. పగలగొట్టు."

సమ్మెట, ఉలి తీసుకుని ఆ ఎండలో గంటన్నర కొట్టాడు. ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు. కాంక్రీటు పెచ్చు లేపి, ప్లాస్టిక్ షీట్ కోసి పైకి ఎత్తాడు.

షీట్ కిందే ఉన్నాయి. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దవి, నల్లగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి, మూతులన్నీ పైకి పెట్టి. ప్లాస్టిక్ లోపలివైపు సన్నటి గీతలున్నాయి, కాళ్ళతో గీకిన గీతలు. ఎన్ని రోజులు గీకాయో తెలియదు. నేనా గదిలో రోజూ తిరుగుతూనే ఉన్నాను.

పదకొండు బతికున్నాయి. ఉమ్మ వాటిని సిమెంటు తట్టలో పెట్టి, తడి గోనె కప్పి, పొద్దు వాలాక సముద్రంలో విడిచిపెట్టింది. భూమయ్య అక్కడికి వెళ్ళలేదు. గుంట పక్కనే కూర్చున్నాడు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని.

"పిల్లలు గల్లోన్ని సార్. నా శేతులతోనే పాతిపెట్టి సంపిన," అన్నాడు.

ఒక్క ముక్క చెబితే చాలు ఆ బరువు అతని మీంచి దిగేది. నేను ఫ్లోరింగ్‌కి ఎంత సిమెంటు కావాలో చూడమని మౌలాలికి చెప్పాను.

ఆ తర్వాత ఏడేళ్ళకు పైగా భూమయ్య ఖురియాత్ చుట్టుపక్కలే మా సైట్లలో పనిచేశాడు. కాంక్రీటు ఎక్కడ పోసినా ముందు కింది ఇసుకంతా చేత్తో వెతికేవాడు. "భూమన్న బంగారం దేవులాడుతుండు," అని కుర్రాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. శుక్రవారాలు సెలవైతే మనిషి ఆ బీచ్‌లోనే ఉండేవాడు. ఇసుకలో తాబేలు ఈడ్చుకుపోయిన జాడలు కనిపిస్తే ఈతాకుతో చెరిపేసేవాడు, గుడ్లు తవ్వుకుపోయేవాళ్ళకి తెలియకుండా. ఇంకో కంపెనీ టిప్పరొస్తే దాని ముందు పడుకున్నాడు. డ్రైవరు దిగి కాలితో తన్నినా లేవలేదట. పక్కటెముక విరిగి పది రోజులు డ్యూటీకి రాలేదు. ఎవరు అడిగినా ఒకటే మాట: "నేను తొంబై ఐదింటిని సంపినోన్ని."

మౌలాలి ఇక ఆ బీచ్ ఇసుక తేనన్నాడు. నేను వెంటనే వాగు ఇసుకకి సంతకం పెట్టేశాను. దానికి ఊరి పెద్దలు ఒక మెచ్చుకోలు కాగితం పంపారు. భూమయ్య పేరు మీద కాదు, ఇంజనీరు సూర్యప్రకాశ్, అంటే నా పేరు మీద. దాన్ని వెనక్కి పంపే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

ఈలోగా నేనూ మా ఆవిడా మస్కట్ పక్కనున్న సీబ్‌కి మారాం. మధ్యాహ్నం పేపరు చదువుకుంటూ కూర్చుంటే టైల్స్ కింద ఏదో గీకుతున్నట్టు వినిపించేది. మా ఆవిడ ఏసీ చప్పుడంది. ఏసీ ఆపి చూశాను. అయినా వినిపించింది. నాకు భయమేసింది, చెప్పుకోడానికి సిగ్గేసింది.

1997 మార్చిలో భూమయ్య పని మానుకుని ఊరికి వెళ్ళిపోతున్నాడు. మధ్యాహ్నం విమానం. నేనే ఖురియాత్ వెళ్ళి కారులో ఎక్కించుకున్నాను. కొండదారి దిగుతుండగా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పేశాను.

"భూమయ్యా, అవి తాబేలు గుడ్లని నాకు ఆ రోజే తెలుసు."

కొండలు దాటిపోయాక అతను అన్నాడు.

"లస్మవ్వకు సుత నాగమ్మ పేరు మీద పాతిపెట్టి నేనే సంపిన్నని సెప్పిన సార్. నా పాపం పోవాలని యేటేటా నాగుల పంచమికి ఒక్కపొద్దుంటది."

లస్మవ్వ అతని భార్య. నేనామెను ఎన్నడూ చూడలేదు. నా అబద్ధానికి ఆమె అక్కడ పస్తుంటోందని అప్పటిదాకా నాకు తెలియదు. క్షమించమన్నాను. విన్నాడో లేదో.

సీబ్ ఎయిర్‌పోర్టు దగ్గర బ్యాగు అందుకోబోతే ఇవ్వలేదు. తనే భుజానికెత్తుకుని నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఒక్కటి అడుగుత సార్. ఇప్పుడన్న నిజం సెప్పుండ్రి. నేనడిగినప్పుడే మీరు సెప్తే, అన్నీ బతుకుతుండెనా?"

ఆ రోజు ఆ బీచ్ మాకు ఇరవై నిమిషాల దూరం. టిప్పర్ ఖాళీగా అటే వెళ్తోంది.

"బతికేవి," అన్నాను.

తల ఊపి లోపలికి నడిచాడు. ఎప్పుడు విడిపోయినా నాకు రెండు చేతులెత్తి దండం పెట్టే మనిషి. ఆ రోజు పెట్టలేదు.