రెండు గుండెల దేశాయి

నాకున్నది ఒక్కటే గుండె. కాని రాయచూరులో ఒక ఆసుపత్రివారు, కంప్యూటరు సాక్షిగా, నాకు రెండు గుండెలున్నాయని తేల్చారు. నవ్వదలచుకున్నవారు ఇప్పుడే మొదలుపెట్టండి. నేను చెప్పబోయేది మా వంశ మర్యాదకూ, ఒక వైద్య పరిశోధనకూ, మా బావ ప్రాణానికీ ఒకే పూట ముప్పు వచ్చిన సంగతి. తెచ్చింది నేనే. అంతమాత్రాన తల వంచుకుని చెబుతాననుకోకండి. మా ఇంట్లో ఆ అలవాటు లేదు.

మేము గిల్లేసూగూరు దేశాయిలం, అంటే ఆ ఊరి పాత జాగీరుదార్లం. ఒకప్పుడు మా గుర్రాలకే ఒక వీధి ఉండేదట. ఇప్పుడు నాకు రాయచూరులో రెండు గదుల అద్దె ఇల్లు, స్టాండు విరిగిన స్కూటరు ఉన్నాయి. ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు. మా ఏనుగు చచ్చాక మిగిలింది ఘీంకారం ఒక్కటే. అదీ ఏడాదికొకసారి, ఊరి జాతరనాడు. తేరు కదలాలంటే దాని చక్రం ముందు మొదటి కొబ్బరికాయ దేశాయి కొట్టాలి. తలస్నానం చేసి, చొక్కా లేకుండా, తడిపంచెతో కొట్టాలి.

మా ఇంటి ఆచారం ఇంకొకటి చెప్పకపోతే ఈ గొడవ మీకు అర్థం కాదు. దేశాయి ఏ పెళ్లికైనా వెళ్లలేకపోతే తన రుమాలు, అంటే తలపాగా, పళ్లెంలో పెట్టి పంపేవాడు. పెళ్లివారు ఆ రుమాలుకు కుర్చీ వేసి, గంధం పూసి, తాంబూలం ఇచ్చేవారు. రుమాలు ఉన్నచోట దేశాయి ఉన్నట్టే! ఈ నమ్మకం నా రక్తంలో ఉంది. ఆ రక్తం గుండెకు సరిగ్గా అందుతున్నదో లేదో చూపించుకోవడానికే నేను ఆసుపత్రికి వెళ్లాను.

మెట్లెక్కితే ఎద బిగిసినట్టుండేది. ఆ ఆసుపత్రిలో గుండె రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు మీద పరిశోధన జరుగుతున్నది. కొందరికి గుండెకు రక్తం తగ్గినా నొప్పి తెలియదట. అలాంటివారిని ముందే ఎలా పట్టుకోవాలన్నది వాళ్ల ప్రయత్నం. నన్నూ చేర్చుకున్నారు. డాక్టరమ్మ నా ఎద మీద రంగురంగుల తీగలు అంటించి, గుండె కొట్టుకునే తీరును రోజంతా గీతలుగా రాసుకునే చిన్న పెట్టెను నడుముకు కట్టింది.

"రేపు ఇదే వేళదాకా తీయకూడదు దేశాయి గారూ. స్నానం వద్దు. మిగతా పనులన్నీ రోజూలాగే చేసుకోండి. రేపు ఏమైనా ముఖ్యమైన పనుంటే చెప్పండి, ఇంకో రోజు పెట్టుకుందాం."

"దేశాయిలకు పనులేముంటయమ్మా!" అన్నాను దర్జాగా. ఆ మాట నిజం కూడా.

ఇంటికి చేరానో లేదో నరసప్ప బావ ఫోను. మా అక్క మొగుడు, చిక్కసూగూరు మనిషి, పత్తి వ్యాపారి.

"ఏం బామ్మర్దీ, రేపు తేరు. పొద్దుగాల్నే వస్త, తయారుగుండు. నువ్వు రాకుంటె కాయ నేనే కొడ్తనని పంచాయతి అధ్యక్షుడు కొత్త పంచె కొనుక్కున్నడు."

జాతర సంగతి బొత్తిగా మరిచిపోయాను! బుద్ధున్నవాడైతే వెంటనే డాక్టరమ్మకు ఫోను చేస్తాడు. ఆమె కాదనదు కూడా. కాని 'పనులేముంటయి' అన్న నోటితోనే పనుందని ఎలా చెప్పను? జాగీరు పోయిననాడే మావాళ్లు ఎవరినీ గడువు అడగలేదు. ఒక పెట్టె కోసం నేను అడుగుతానా?

మరునాడు గిల్లేసూగూరులో, తేరు బజారు వెనక ఒక పంపుసెట్టు గదిలో, తీగలు పీకేశాను. ఎద మీది వెంట్రుకలు సగం వాటితోనే వెళ్లాయి.

"బావా, అంగి విప్పు."

"ఏందిరా గిది?"

"నేను తానం చేసి, కాయ కొట్టి వచ్చెదాంక గీ పెట్టె నువ్వు కట్టుకో."

"నీ బీమారి నాకెందుకు అంటగడ్తవ్?"

"అంటుకునేది గాదు. రుమాలసొంటిదే అనుకో. పెట్టె నీ మీదుంటె నేనున్నట్టే. జరా దేశాయి లెక్క గోడ మీద కూసో. ఏ పని చెయ్యకు."

"ఏ పని చెయ్యకుంటె దేశాయి అయితరా? గింత అల్కగనా!"

రంగుల వరుస తప్పకుండా తీగలు అంటించాను. అంటనిచోట సైకిలు షాపు టేపు వేశాను. తర్వాత తలస్నానం చేసి వెళ్లి కాయ కొట్టాను. ఒక్కటే దెబ్బ, రెండు చెక్కలు! అధ్యక్షుడి కొత్త పంచె మడత విప్పకుండానే మిగిలిపోయింది. గర్వంగా తలెత్తి చూద్దును కదా, నా గుండె తేరు తాడు పట్టుకుని లాగుతున్నది. నోటినిండా మిరపకాయ బజ్జీ.

"కూసొమ్మంటి గద బావా!"

"తేరు కాడ కూసుంటె ఇజ్జత్ ఉంటదా?" అంటూ రొప్పాడు. "ఎండ జోరుగున్నది, గంతే."

పెట్టె మళ్లీ నేను కట్టుకుని, ఏమీ ఎరగనట్టు ఆసుపత్రిలో ఇచ్చేశాను. వారం తిరక్కుండా డాక్టరమ్మ పిలిపించింది.

"దేశాయి గారూ, ఇందులో రెండు గుండెలున్నాయి. పొద్దున కాసేపు మధ్యలో ఇంకెవరో వచ్చి వెళ్లారు. ఎవరండీ?"

"నేనేనమ్మా. జాతర్ల నా గుండె వేరే తీరుగ కొట్టుకుంటది."

"వేగం మారొచ్చు. గీత పోలికే ఇంతగా మారదు."

"పెద్ద వంశాలల్ల మార్తది."

ఆమె నవ్వలేదు. తెర నావైపు తిప్పింది. "మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. మీ గీతలో ఇప్పటికి భయపడాల్సిందేమీ లేదు. ఆ రెండో మనిషికే, ఇదిగో, ఇక్కడ గీత కుంగిపోయింది. గుండెకు రక్తం చాలలేదు. నొప్పి తెలిసి ఉండదు. మళ్లీ ఏ బరువో లాగితే ఏమవుతుందో చెప్పలేను. పేరు చెప్పకండి, మనిషిని తీసుకురండి. ఇవాళే."

ఆ వేళకు బావ మార్కెట్ యార్డులో ఉంటాడు. హమాలీలతో పందెం కట్టి పత్తి బోరాలు తనే మోస్తుంటాడు.

స్కూటరు ఎలా నడిపానో నాకు తెలియదు. నేను వెళ్లేసరికి బావ వీపు మీద బోరా ఉండనే ఉంది.

"దించు బావా! నీ గుండె బాగలేదు."

"నీదా, నాదా?"

"నీదే. నా పెట్టె చెప్పింది."

యార్డంతా గొల్లున నవ్వింది. "నీ పెట్టె నీ లెక్కనే బడాయి కొడ్తది," అని బోరా సర్దుకున్నాడు బావ. "డాక్టర్ నీకు కట్టిన పెట్టె నాకెందుకు కట్టినవో గది చెప్పు ముందుగాల. అందరి ముంగట చెప్పు."

చెప్పాను. తలెత్తి, గొంతెత్తి చెప్పాను. "డాక్టరమ్మను ఇంకో రోజు అడుగుటందుకు నామోషయి కట్టిన! ఇగ దించుతవా, నన్ను మోయమంటవా?" అంటూ ఆ బోరాకు భుజం పెట్టాను.

బావ బోరా వదిలేశాడు.

"దేశాయి బోరా ముట్టిండంటె నాకు నిజంగనే చావొచ్చినట్టున్నది. పద," అని స్కూటరెక్కాడు.

పరీక్ష చేస్తే, బావ గుండెకు పోయే పెద్ద నాళం ఒకటి దాదాపు పూడుకుపోయి ఉంది. స్టెంటు వేశారు. నాకు మాత్రలు రాసిచ్చి, నియమం తప్పినందుకు పరిశోధన నుంచి తీసేశారు. నా జాగాలో బావను చేర్చుకున్నారు. మా వంశానికి జాగీరు పోవడం ఇది రెండోసారి. అయినా అడుగుతున్నాను: చెప్పినమాట వినే బుద్ధిమంతుణ్ణి నేనయితే, ఈ రోజు మా అక్క పరిస్థితి ఏమిటి? "అది మీ అదృష్టం. దాన్ని వైద్యం అనకండి," అంటుంది డాక్టరమ్మ. అననివ్వండి.

ఆసుపత్రి మంచం మీద పడుకునే బావ అడిగాడు. "ఒక్క మాట బామ్మర్దీ. రుమాలు ఉన్నకాడ దేశాయి ఉన్నట్టే గద?"

"బిల్కుల్."

"మరి ఆ దినం రుమాలే తేరు కాడికి పంపి, పెట్టె నువ్వే ఉంచుకుంటె అయిపోతుండె గద?"

పక్కనున్న నర్సు కిసుక్కున నవ్వింది. ఇన్ని తరాల ఆచారం, నా బుర్రకు తట్టనే లేదు!

"అట్ల చేసుంటె గీ మాట అడుగుటందుకు నువ్వుండకపోదువు," అన్నాను, వెన్ను నిటారుగా పెట్టి.

కనుక ఇందుమూలంగా, నేను కొట్టిన మొదటి కాయ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నా గుండెను ఇకమీదట ఏ బావ ఒంటికీ కట్టను. ఆ కాయలో ఒక చెక్క బావ అప్పుడే తినేశాడు. అయినా ప్రమాణం పూర్తిగానే చెల్లుతుంది.