అవతలి దండులో నేను

మా ఇబ్రహీంపట్నంలో నా మాటను ఎవరూ ఉన్నదున్నట్టు తీసుకోరు. సగం తీసేసి వింటారు, మిగిలిన సగాన్ని ఇంటికి పోయి నవ్వుకోవడానికి దాచుకుంటారు. అందుకే సరిహద్దులో బాంబులు పడుతున్న ఆ వారంలో, ఆదిభట్లలో విమానాల భాగాలు చేస్తారు కాబట్టి మొదటి బాంబు మనమీదేనని చాయ్ బండి దగ్గర అన్నప్పుడు, నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఒకాయన చాయ్ సగంలో వదిలేసి, భార్యాపిల్లలను అత్తగారింట్లో దింపడానికి పోయాడు. నా అబద్ధాన్ని కూడా జనం నమ్ముతున్నారంటే రోజులు బాగాలేవన్నమాట.

ఆ రోజుల్లోనే యువకుల సంఘం వాళ్ళు నా స్నేహితుడి దుకాణానికి వచ్చారు. పెళ్ళిళ్ళకు మైక్ సెట్టు, పెద్ద ఎల్ఈడీ తెర కిరాయికి ఇస్తాడతను. పక్క పల్లెలో తరాలుగా ఉన్న ముస్లిం కుటుంబం వాళ్ళది. ఆదివారం మధ్యాహ్నం ఫంక్షన్ హాలులో ఒక పాత చారిత్రక సినిమా ఉచితంగా వేస్తారట. రాజు, కోట, దండయాత్ర. "దేశం కోసం భాయ్, తెర నీదే పెట్టాలె" అన్నారు.

ఆదివారం నేను వాళ్ళింటికి పోయేసరికి అతని భార్య గుమ్మంలోనే ఆపింది.

"భయ్యా, నువ్వన్న చెప్పు. గా సినిమల ఎవరిని తిడ్తరో ఎరుకనే కదా. గంత మంది నడుమ ఈయన ఒక్కడు ఎట్ల కూసుంటడు?"

"పోకపోతే?" అన్నాడతను లోపల వైరు చుట్టుకుంటూ. "భాయ్ ఎందుకు రాలేదని అడగరా?"

"పోతే ఒకటంటరు, పోకపోతే ఇంకోటంటరు. నాకైతే జర సేపు కూడ నిద్ర పట్టలే."

ఇద్దరూ నావైపు చూశారు. నా దగ్గర అబద్ధాలకు కొదవ లేదుగాని, ఆ పూటకు పనికొచ్చేది ఒక్కటీ దొరకలేదు. "ఫికర్ చెయ్యకు భాభీ, నేను పక్కనే ఉంట" అన్నాను. నా గొంతు నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆ సినిమాలో నేనూ నా స్నేహితుడూ ఉన్నాం. ఇరవై ఏళ్ళుగా ఈ మాట ఊరంతా చెబుతున్నాను. ఏనుగు మీదినుంచి పడ్డానని కూడా కలిపి చెప్పడంవల్ల మొత్తం కథే కొట్టుకుపోయింది. ఏనుగు లేదు. లారీ ట్యూబుల మీద బూడిదరంగు గుడ్డ కప్పారు. పడ్డది మాత్రం నిజం.

మా పడుచు రోజుల్లో ఊరి బయట గుట్టల్లో షూటింగు ఉందంటే లారీ వచ్చి మమ్మల్ని ఎక్కించుకుపోయేది. సైనికులను ఎంచే పద్ధతి చాలా సులువు. కంపెనీ మనిషి గడ్డాలున్నవాళ్ళను కుడికి, లేనివాళ్ళను ఎడమకు తోసేవాడు. నేను నరసింహస్వామికి మొక్కుకుని గడ్డం పెంచుతున్నాను. కుడికి పోయాను. కళ్ళకు సుర్మా పెట్టి, ఆకుపచ్చ తలపాగా చుట్టి, ఊళ్ళు తగలబెట్టే దండులో కలిపారు. నా స్నేహితుడికి గడ్డం అతుకులు అతుకులుగా మొలిచేది, అందుకని నున్నగా గీసుకుని తిరిగేవాడు. అతని నుదుట నిలువు బొట్టు దిద్ది, కాషాయ జెండా చేతికిచ్చారు. ఆ రోజు నేను చాలాసార్లు చచ్చాను. ఆఖరుసారి చంపింది అతనే. వెండి కాగితం చుట్టిన బల్లెంతో పొడిచి, "దెబ్బ తాకిందార?" అని వంగి అడిగాడు. డైరెక్టర్ మైకులో మా ఇద్దరినీ ఒకే బూతుతో తిట్టాడు.

ఫంక్షన్ హాలులో పెళ్ళి కుర్చీలన్నీ నిండిపోయాయి. సినిమాను కోసి తెచ్చారు. పాటలు లేవు, రాణి లేదు, యుద్ధాలే మిగిలాయి. ఒక యుద్ధానికీ ఇంకో యుద్ధానికీ నడుమ టీవీ వార్తల్లోని విమానాలు ఎగిరాయి. తెరమీద పెద్ద అక్షరాలు: "అప్పుడూ వీళ్ళే, ఇప్పుడూ వీళ్ళే." అసలు సినిమాలో కోట రాజుగారి ఫిరంగి దళానికి పెద్ద ఒక ముస్లిం సర్దారు. సినిమాలో సగం అతనే ఉండేవాడు. ఎంత వెతికినా కనబడలేదు.

స్నేహితుడు గోడ పక్కన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు, నేను అతని పక్కన. జనం అరిచినప్పుడల్లా అతను మీటలవైపే చూసేవాడు, అక్కడ సరిచేయాల్సింది ఏదో ఉన్నట్టు. ముందు వరుసలోంచి ఒకడు తిరిగాడు.

"భాయ్, సౌండ్ పెంచు. మనోళ్ళు నరికేటప్పుడు తగ్గిస్తున్నవేంది?"

"ఫుల్లే ఉంది తమ్మీ."

"ఫుల్లేనా? దిల్ ఒప్పుతలేదా?"

నవ్వులు లేచాయి. ఇంకొందరు తిరిగారు. నవ్వు ఆగింది, తలలు మాత్రం ముందుకు తిరగలేదు. సరిగ్గా అప్పుడే తెరమీద ఒక గుడిసెకు నిప్పు పెడుతూ నేను కనిపించాను. "నరుకుండ్రి వాన్ని!" అంటూ హాలంతా లేచింది.

నేనూ లేచాను. "అరె, అది నేను! గా గుడిసె అంటువెట్టేటోడు నేనే!"

"కూసో కాకా! ఏనుగు కథ మళ్ల షురూ చెయ్యకు!"

"ముక్కు చూడుండ్రి! గా ముక్కు ఇంకోనికి ఉంటదా? ఇప్పుడు నన్ను ఒకడు పొడుస్తడు చూడు, గా బొట్టు పెట్టుకున్నోడు... వీడే, మన భాయే!"

బల్లెం వచ్చింది, పొడిచింది, పోయింది.

"ఆపు, ఆపు! ఎనకకు తిప్పు భాయ్!" అని ముందు వరుసవాళ్ళు అరిచారు.

అతని వేలు వేరే మీట మీద పడింది. తెర నల్లబడింది. "కావాల్నని చేసిండు" అని వెనకనుంచి ఎవరో అన్నారు. రెండోసారికి బొమ్మ వచ్చి నిలిచింది. నున్నటి బుగ్గలు, నిలువు బొట్టు, నోరు తెరిచి నన్ను పొడుస్తున్న కుర్రాడు. కింద సుర్మా కళ్ళతో నేను.

చప్పట్లు మోగాయి. "మన భాయ్ మన దండే!" దిల్ సంగతి అడిగినవాడే వచ్చి అతన్ని భుజాలకెత్తుకున్నాడు. నా వీపుమీద ఎవరో సరదాగా గుద్దారు. నొప్పి పుట్టింది. గట్టెక్కామనుకున్నాను.

మైకు అతని చేతిలో పెట్టి నినాదం ఇవ్వమన్నారు. ఇచ్చాడు. "ఇనవడలే!" మళ్ళీ ఇచ్చాడు. "ఇంకా గట్టిగ!" ఎంత అరిచినా చాలలేదు. అతని గొంతు చీరుకుపోతోంది. కళ్ళు నన్ను వెతుకుతున్నాయి. నాకా మీటలు తెలియవు. ఏదో ఒకటి నొక్కాను. గుర్రాలు మళ్ళీ పరుగెత్తాయి, జనం అటు తిరిగారు, అప్పుడు అతన్ని దింపారు.

ఆ సినిమా చివర రెండు దండులూ సంధి చేసుకుని ఒకే బంతిలో కూర్చుని తింటాయి. షూటింగులో నిజం అన్నం, నిజం మటన్ వడ్డించారు కాబట్టి నాకు బాగా జ్ఞాపకం. దానికోసం కాచుకున్నాను. రాలేదు. తెరమీద విమానం లేచింది, హాలులో లైట్లు వెలిగాయి.

పెట్టెలు ట్రాలీ ఆటోలో ఎక్కిస్తుంటే సంఘం పెద్ద వచ్చాడు.

"భాయ్, వచ్చే ఆదివారం మహేశ్వరంల. నువ్వు గదే బొట్టు, గదే డ్రెస్సుల స్టేజి ఎక్కాలె. బల్లెం మేం తెస్తం. కాకాను కూడ తీస్కరా, అందరి ముంగట పొడుద్దువు."

"చూద్దాం తమ్మీ."

"చూసుడేంది? తెరమీది నీ బొట్టు ఫోటో అప్పుడే గ్రూపులల్ల పెట్టినం."

ఆటోలో పెట్టెల పక్కనే కూర్చున్నాం. "నేను లేవకపోతే ఏమైతుండెనో" అన్నాను.

"ఏమో. నువ్వైతే లేచినవ్. ఇగ నిన్ను ఎన్ని ఊర్లల్ల పొడవాల్నో."

నవ్వు రావాల్సిన మాటే. ఇద్దరికీ రాలేదు.

"తెర పంపుత" అన్నాడు. "నేను పోను."

"ఎందుకు రాలేదంటరు."

"అంటరు."

ఇంటి ముందు ఆటో ఆగగానే అతని భార్య చేతిలో ఫోన్ పట్టుకుని బయటికి వచ్చింది.

"పల్లెకెల్లి మీ పెద్దన్న ఫోన్ చేసిండు. ఫోటో ఆడిదాక పోయింది. బొట్టేందని అడుగుతుండు."

"సినిమా అని చెప్పకపోయినవ్?"

"చెప్పిన. అది ఎప్పటిది, ఇయ్యాల్టిదా అంటుండు."

అతను ఆటో వెనక్కి నడిచాడు. పెట్టెలకు కట్టిన తాడు విప్పబోయాడు. ముడి బిగుసుకుపోయి రాలేదు. నేను రెండో కొస పట్టుకున్నాను.