బొమ్మ మీద అమ్మ వేలు

నా చిన్నప్పుడు మేము పరాయి దేశంలో, తంజోంగ్ పగార్ అనే పేటలో, నాన్న పనిచేసే ఓడరేవుకు దగ్గరగా ఉన్న ఫ్లాట్లలో ఉండేవాళ్లం. ఆ రోజుల్లో అమ్మ ఎక్కడ కూర్చున్నా కుర్చీ అంచునే కూర్చునేది. వేడినీళ్లలో ఉప్పు కలుపుకొని మాటిమాటికీ స్నానాలగదిలోకి వెళ్లేది. ఎందుకని అడిగితే, వేడి చేసిందనేది.

మా వీధి చివర చైనా మందుల దుకాణం నడిపే వృద్ధ వైద్యురాలికి తన భాష కాక అక్కడి అంగళ్లలో అందరూ మాట్లాడే బజారు మలయ్ మాత్రమే వచ్చు. అమ్మకు తెలుగు తప్ప మరొకటి రాదు. బడిలో మలయ్ నేర్చుకుంటున్న నేను వారి మధ్య దుబాసీని. మొదటిసారి వెళ్లినప్పుడు, అమ్మకు వేడి చేసిందని నేను చెప్పగానే వైద్యురాలు తృప్తిగా తల ఊపింది. ఒంట్లో వేడి పెరగడమన్నది వారి వైద్యంలోనూ ఉన్న భావనే. చలవ చేసే చామంతి కషాయం ఇచ్చింది. రెండు సంప్రదాయాలూ అంత చక్కగా ఏకీభవించినందువల్లే పొరపాటు బయటపడలేదు. అమ్మ బాధ మాత్రం తగ్గలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు వైద్యురాలు అమ్మ మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి నాడి చూసింది. నాలుక చూసింది. అమ్మ కూర్చున్న తీరు కూడా గమనించింది. బాధ ఎక్కడ అని అడిగింది.

"అమ్మా, ఎక్కడని అడుగుతున్నారు."

"ఒళ్లంతా అని చెప్పవే."

"మొన్న కడుపన్నావుగా!"

"చెప్పింది చెప్పు. పెద్ద ప్లీడరు బయల్దేరింది!"

మా మాటలు తెలియకపోయినా సంగతి ఆమెకు అర్థమైంది. అద్దాల బీరువాలోంచి, పక్కకు ఒరిగి పడుకున్న స్త్రీ రూపంలోని జానెడు చెక్కబొమ్మను తీసింది. పూర్వం వారి దేశంలో ఘోషా స్త్రీలు తెర వెనుక నుంచి ఇలాంటి బొమ్మ మీద నొప్పి ఉన్న చోటు చూపేవారట. దానిని అమ్మ ఒళ్లో పెట్టి, మాకు వీపు తిప్పి, మందుల సొరుగులు సర్దుకోసాగింది.

చాలాసేపటికి అమ్మ ఆ బొమ్మ తొడల మధ్య వేలు ఉంచింది.

ఆమె ఇటు తిరిగి చూసి, మోచేతి పేరు చెప్పినంత మామూలుగా ఆ భాగం పేరు మలయ్‌లో పలికి, అమ్మకు చెప్పమన్నట్టు నా వైపు చూసింది. ఆ చోటికి నాకు తెలిసిన తెలుగు మాట వీధిలో విన్న తిట్టు ఒక్కటే. అది అమ్మ ముందు అనలేక బొమ్మకేసి చూశాను. అప్పుడు అమ్మే తల వంచుకొని, "యోని అంటారే," అంది.

నన్ను బయట కూర్చోబెట్టి, తెర చాటున అమ్మను పరీక్షించాక, ఆమె నాతో నిదానంగా చెప్పించింది. అక్కడి చర్మం తెల్లబారి, పలచబడి, పగులుతోంది. ఉప్పూ వేడినీళ్లూ మానాలి. చేదు వేర్లూ ఒక పసుప్పచ్చని బెరడూ మరిగించి, పూర్తిగా చల్లార్చిన నీటితో కడిగితే దురద కొంత ఉపశమించవచ్చు.

"ఆ తెలుపు మాత్రం నా వేర్ల మందుతో పోదు. పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరుకు చూపించండి. వదిలేస్తే ప్రమాదం కావచ్చు. అక్కడ ఈ బొమ్మ ఉండదమ్మా. నోటితోనే చెప్పాలి."

అమ్మ వెళ్లింది, చెప్పింది. ఆసుపత్రి లేపనంతో వ్యాధి పూర్తిగా పోలేదు గాని అదుపులో ఉండిపోయింది. కొన్నాళ్లకు అమ్మ కుర్చీలో వెనక్కి ఆనుకొని కూర్చోవడం చూశాను.

ఇప్పుడు అదే నగరంలో మరో చివర, పుంగ్గోల్‌లో మా మనవరాలికి స్నానం చేయిస్తూ ఒంటి భాగాల పేర్లన్నీ చెబుతాను. "ఐ నో లా, అమ్మమ్మా!" అని, తెలుసులే అన్నట్టు, ఇక్కడి ఇంగ్లీషులో విసుక్కుంటుంది. ఆ ఒక్క మాట దగ్గర నా గొంతు ఈనాటికీ తగ్గబోతుంది. అప్పుడు బొమ్మ మీద నిలిచిన అమ్మ వేలు గుర్తొస్తుంది. మోచేయి అన్నంత స్పష్టంగా ఆ పేరూ పలుకుతాను.