మీసాల చేపల పురుడు

మా వదిన ఇంటికి చేపలు తెచ్చిన రోజు నాకు ముందు కోపమే వచ్చింది. వదిన అంటే నా భర్తకి అక్క. అప్పటికింకా పెద్ద యుద్ధం రాలేదు. మారిషస్‌లో, లాల్మతీ ఊరి దగ్గరి చెరకు ఎస్టేటు బంగళాలో ఆమె బట్టలు ఇస్త్రీ చేసేది. ఆ ఇంటి దొరసాని ఫ్రాన్సుకి ఓడెక్కుతూ, అక్కడి నుంచే తెప్పించుకున్న చేపల్ని గాజు తొట్టెతో సహా వదినకి ఇచ్చి పోయింది. తొట్టె మోసింది మాత్రం నేనూ నా భర్తా. మా గడ్డికప్పు ఇంట్లో ఉన్న ఒక్క బల్లా దానికే సరిపోయింది.

వేలెడంత చేపలు. ఒళ్లంతా నల్లమచ్చలు, మూతికి మీసాలు. రోజంతా ఇసుకలో మూతి పెట్టి ఏదో వెతుక్కునేవి. ఉన్నట్టుండి ఒకటి పైకి దూసుకొచ్చి, ఇంత గాలి మింగి, మళ్లీ అడుక్కి పోయేది. నీళ్లలో బతికేదానికి పైగాలితో ఏం పని? నా కోపం ఎటు పోయిందో గానీ, పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవకుండా వాటినే చూస్తూ కూర్చున్నాను.

దొరసాని దేశంలో ఇవి తొట్టెలోనే గుడ్లు పెడతాయట. వదినకి ఆ మాట పట్టుకుంది.

"ఎలా పెట్టించాలో చెప్పలేదా?" అని అడిగాను.

"చెప్పింది. ఆ ఫ్రెంచి నాకు సగమే తెలిసింది," అంది.

ఇక మాకు వచ్చిన విద్య కోడిని పొదగేయడం ఒక్కటే. వెచ్చగా ఉండాలని తొట్టెని వంటింట్లో పొయ్యి దగ్గరికి జరిపాం. వానపాముల్ని సన్నగా తరిగి వేశాం. అవి తిని బలిశాయే తప్ప గుడ్డు జాడ లేదు.

ఇంతలో వెంకన్న పూజలు చేసే గోవింద మాసం దగ్గరపడింది. ఆ నెల మా ఇంట్లో నీచు గడప తొక్కదు. పైగా నా భర్త ఊరి భజనకి పెద్ద, దీపం మా ఇంట్లోనే పెడతారు. మా అత్తకి కోపమొస్తే మాటల్లో ఇక్కడి క్రియోల్ భాష దొర్లేది, చేపని పోసోం అనేది.

"గోవింద నెలొచ్చేలోగా ఈ పోసోంలని ఏట్లో ఒగ్గేయండి," అని తేల్చేసింది.

"తినడానికి కాదమ్మా," అంది వదిన.

"తిన్నా తినకపోయినా పోసోం పోసోమే. ఆ పురుగులు తరగడం ఒకటీ!"

వదిన మొహం మాడిపోయింది. పిల్లలు లేరని ఆమె అత్తవారు ఎప్పుడో సాంత్ర్ ద ఫ్లాక్ నుంచి పుట్టింటికి పంపేశారు. ఇంట్లో తనదంటూ ఉన్నది ఆ తొట్టె ఒక్కటే. అదీ పోతుందంటే నా ప్రాణం ఊరుకోలేదు.

"వదినా, అవి గుడ్లు పెట్టాయనుకో, అత్త ఇక పంపనే పంపదు. బాలింతని ఎవరైనా గడప దాటిస్తారా?" అన్నాను. వదిన పకపకా నవ్వింది.

పంపేయాల్సిన రోజు వచ్చింది, గుడ్లు రాలేదు. బరువు తగ్గాలని తొట్టెలో నీళ్లు సగానికి పైగా తోడేశాం. సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. ఏటిదారి అంతా బురద, ఆ రోజుకి ఆగిపోయాం. ఇంత తక్కువ నీళ్లలో చచ్చిపోతాయేమోనని, చూరు కింద పీపాలో పడిన వాననీళ్లే తెచ్చి పోసింది వదిన.

"అంత చల్లటి నీళ్లా? కాచి పొయ్యాలి కదా!" అని అరిచాను. కట్టెలు తడిసిపోయాయి, కాచేదెక్కడ?

తెల్లారి చూస్తే చేపలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. ఆడది పొట్టకింది రెక్కల్ని దోసిలిలా ముడిచి, అందులో గుడ్లు పట్టుకుని గాజు దగ్గరికొచ్చింది. మూతితో గాజుని తుడిచి, అక్కడ అంటించి పోయింది. మళ్లీ వచ్చింది. నానిన సగ్గుబియ్యంలా ఉన్నాయి గుడ్లు. వాటికి కావలసింది చల్లటి వాననీళ్లన్నమాట, మేమేమో ఇన్నాళ్లూ పొయ్యి రాజేశాం! అత్తని చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

"ఓలమ్మో," అని అత్త వంగింది. "తల్లేదీ?"

"అదిగో, లావుగా ఉన్నది. పురిటిదాన్ని ఏట్లో పారేస్తావా అత్తా?"

అత్త గాజుకి దగ్గరగా మొహం పెట్టి చూసింది. "పిల్లలతల్లిని ఎలా ఎల్లగొడతాం? ఉండనీ," అంది. గెలిచామని నేను వదిన వైపు తిరిగాను.

వదిన నవ్వడం లేదు. "పిల్లలు పుడితేనేనా అమ్మా, ఉండనిచ్చేది?" అంది.

  వదిన ఇస్త్రీ పనికి వెళ్లిపోయింది.

సాయంత్రానికి గాజు మీద గుడ్డు ఒక్కటి లేదు. తల్లే తినేసింది, తండ్రి కూడా ఓ చెయ్యి వేశాడు. అలా తింటాయని మాకేం తెలుసు? అప్పుడే పని నుంచి వచ్చిన వదిన తొట్టె ముందు నిలబడిపోయింది. ఇక పంపక తప్పదనుకుని, నీళ్లు తోడడానికి నేను చెంబు తీసుకున్నాను. అత్త వచ్చి చెంబు లాక్కుంది.

"గుడ్లు లేకపోతే ఏటి?" అంది, వదిన వైపు చూడకుండా. "ఉండనీ."