బరువెక్కి బలం తగ్గిన విల్లు

1999 వానాకాలం. మేడ్చల్‌లో రోడ్డు పక్కన నాకొక చిన్న వడ్రంగి షెడ్డు ఉండేది. తలుపులు, కిటికీలు నా బతుకుతెరువు. విల్లులు నా పిచ్చి. తలుపు వంగితే తిడతారు, విల్లు వంగకపోతే తిడతారు. తిట్లకు మాత్రం నాకు ఏనాడూ కరువు లేదు. పైగా నా పేరు చారి, మా వైపు నోళ్లలో అది కాస్తా సారి అవుతుంది. ఇంగ్లీషు వచ్చిన కస్టమర్లకు నేను పని మొదలుపెట్టకముందే క్షమాపణ చెప్పుకుంటున్నట్టు వినిపించేదట. విల్లుల విషయంలో మాత్రం ఆ క్షమాపణ అవసరం పెద్దగా పడలేదు. ఒక పీఈటీ సారు విరిగిన విల్లు బాగుచేయమని తెచ్చిన నాటి నుంచి, చాలా కలప విరగ్గొట్టుకుని, చేయి కుదుర్చుకున్నాను.

విల్లు పనిలో చెక్కడం సగమే, మిగతా సగం పరీక్ష. విల్లును పిడి దగ్గర స్టాండు మీద కూర్చోబెట్టి తాడును కొద్దికొద్దిగా కిందికి లాగుతాం. రెండు రెక్కలూ ఒకేలా వంగుతున్నాయా అని చూస్తూ, మొండికేసిన చోట ఆకురాయితో రాస్తాం. దీన్ని టిల్లరింగ్ అంటారు. పూర్తిగా లాగినప్పుడు తాడుకు తగిలించిన స్ప్రింగ్ కాటా ఎంత చూపిస్తే అది డ్రా వెయిట్. అంటే లాగే చేతి మీద పడే బరువు. చివరగా ప్రతి విల్లుతోనూ అదే బాణాన్ని, అంతే లాగి వదిలి ఎంత దూరం పోయిందో చూసి అక్కడొక మేకు పాతుతాం.

ఆ ఏడు షామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మల్లేశ్ తన కూతురు సుజాతకు నాతో విల్లు చేయించాడు. ఆమె ఇంటర్ చదువుతోంది. చెక్క విల్లుల విభాగంలో జూనియర్‌గా ఆడటానికి అదే ఆఖరు సంవత్సరం. సెలక్షన్‌లో నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్‌లో సీటు, చదువు సాగుతుంది. లేకపోతే వాళ్లమ్మతో పాటు సూరారంలో ప్యాకింగ్ పనికి పోవాలి. అందుకని నా దగ్గరున్న మంచి ముక్క తీశాను. తడ కలప. కావడి బద్దలకు, గొడ్డలి కామలకు వాడేది. ఎంత వంచినా మళ్లీ లేస్తుంది. పేరులోనే తడ, ఒంట్లో తడి లేదు. అటక మీద ఏళ్ల తరబడి ఆరింది. ముప్పై నాలుగు పౌండ్ల డ్రా వెయిట్‌కు దించాను. తక్కెట్లో వేస్తే అర కిలో రాయికి సరిగ్గా సరితూగింది. ఆ పనితనానికి నాకు నేనే ముచ్చటపడి, తక్కెడ వంక రెండోసారి కూడా చూసుకున్నాను.

నెల తిరక్కుండా సుజాత విల్లు పట్టుకుని వచ్చింది. వెనకాలే సైకిలు మీద మల్లేశ్.

"కాకా, గీ విల్లుకు ఏమైందో ఏమో. బాణం గురి కింద వడ్తాంది."

"గుంజుడు తగ్గిందేమో బిడ్డా. సెలక్షన్ రంది వెట్టుకున్నవా?"

"నా చెయ్యి గట్లనే ఉన్నది. నీ కట్టెనే అలిసిపోయింది."

స్టాండు మీద పెడితే కాటా ఇరవై ఏడు దగ్గర ఆగింది. పగులు ఉందేమోనని గోటితో తడిమాను. లేదు. టిల్లరింగ్‌లో నేనే పొరపాటు చేశానేమో అనుకున్నా, రెక్కలు రెండూ ఒకేలా వంగుతున్నాయి. తోచక తక్కెట్లో వేశాను. అర కిలో రాయి పైకి లేచింది. బరువు పెరిగి బలం తగ్గడం నలభై దాటాక నాకు జరిగింది. ఈ విల్లుకు అంత తొందర ఏమొచ్చిందో అర్థం కాలేదు.

"మల్లేశన్నా, ఇంట్ల యాడ వెడ్తున్నరు దీన్ని?"

"ఇంట్లెందుకు వెడ్త? పురుగు తొలిస్తేనో?" అన్నాడు మల్లేశ్ కొంచెం గర్వంగా. "మా బొంగులు ఎన్నేండ్లుంటయో సూసినవా? రాయి గట్టి చెర్ల ముంచుతం. దీన్ని గూడ రోజు రాత్రి ముంచుతున్న. పొద్దుగాల బిడ్డ లేవకముందే తుడిసి పెడ్తున్న."

సుజాత తండ్రి వైపు చూసింది. "నాయినా, గది బొంగు గాదు." అంతే అన్నది. బయటికి పోయి చూరు కింద కోసి పేర్చిన సైజు కట్టెల మీద కూర్చుంది.

మల్లేశ్ లెక్క తప్పేమీ కాదు. నీళ్లలో నానిన వెదురు బొంగులో తీపి పోతుంది, పురుగు దాని జోలికి రాదు. కానీ విల్లుకు పొడిదనమే ప్రాణం. తడిసిన కలప వంగుతుంది గాని తిరిగి లేవదు. అలా మిగిలిపోయిన వంపును సెట్ అంటారు. కొత్త విల్లు చేద్దామంటే ఆరిన ముక్క నా దగ్గర లేదు. సెలక్షన్ రెండు వారాల్లో ఉంది. బయట వాన. మంట దగ్గర పెడితే పగులుతుంది. కావలసింది మెల్లని, నిలకడైన వేడి.

అది ఎక్కడుందో నాకు తెలుసు. గౌడవెల్లి దారిలో నర్సింహారెడ్డి కోళ్ల ఫారానికి తలుపులు చేసింది నేనే. కోడిపిల్లలు కొత్తగా దిగినప్పుడు బల్బులు పెట్టి గదంతా వెచ్చగా ఉంచుతారు. బ్రూడర్ గది అంటారు. పోయి అడిగాను.

"నా పిల్లల నడుమ విల్లు వెడ్తవా చారీ? గా విల్లు గూడ పిల్లల్ని వెడ్తదా ఏంది?"

"పెడితే సగం నీకే పటేలా."

విల్లును సెట్‌కు ఎదురుగా వంచి, పలకకు కట్టి, బల్బుల పైన వేలాడదీశాం. దాన్ని చూసుకోవడానికి మనిషిని పెడతానన్నాను. మల్లేశ్ ఒప్పుకోలేదు. "ముంచింది నేను, ఆరవెట్టుడు గూడ నేనే." రోజూ వల పని ముగించుకుని వచ్చేవాడు. అటూ ఇటూ తిప్పేవాడు, తక్కెట్లో వేసేవాడు. కలప బరువు దిగడం ఆగితే ఆరినట్టు లెక్క. ఒకరోజు అర కిలో రాయికి సరితూగింది. మర్నాడూ అక్కడే నిలిచింది.

మళ్లీ స్టాండు ఎక్కించాం. ముప్పై ఒకటి. మూడు పౌండ్లు చెరువుకే పోయాయి.

"రెండు కొసలు వేలెడంత కోసి పొట్టిగ జేస్తే బిగుస్తది," అని సుజాతకు చెప్పాను. "ఇరుగుతె ఇరుగుతది గూడ. నువ్వే జెప్పాలె బిడ్డా."

ఆమె తండ్రిని అడిగింది. "ఏమంటవ్ నాయినా?"

"నన్నెందుకు అడుగుతవ్. నా తెలివి సూసినవ్ గదా."

"పురుగైతె వట్టలే గదా," అన్నది సుజాత. ఆ పూటకు అదే మొదటి నవ్వు. మల్లేశ్ తల దించుకుని తనూ నవ్వాడు. "కొయ్యి కాకా."

కోశాను. కోసిన చోట కొసలను సన్నంగా కూడా చెక్కాను. బాణం వదిలినప్పుడు విల్లులో అన్నిటికంటే ఎక్కువ దూరం కదిలేవి కొసలే. అక్కడ బరువు తగ్గిస్తే, ఆ మిగిలిన బలం బాణానికి పోతుంది. తాడు లాగుతుంటే ఒకచోట కిర్రుమంది. ముగ్గురం విల్లు మీదికి వంగి చూశాం. అది నా స్టాండు బోల్టు. కాటా ముప్పై నాలుగు దగ్గర ఆగింది. షెడ్డు వెనక దున్నక వదిలేసిన పడావు చేనులో సుజాత వదిలిన బాణం, ఈ విల్లుకు మొదట్లో పాతిన మేకు దాటి నాలుగడుగులు పోయి దిగింది. నేను మొదట చేసిన విల్లు కంటే, చెరువులో మునిగి, కోళ్ల గదిలో ఆరి, కొసలు కోయించుకున్న విల్లే చురుకైంది.

సెలక్షన్ జాబితాలో సుజాత పేరు అందరికంటే కింద ఉంది. అయినా ఉంది. హాస్టల్ సీటు వచ్చింది.

నా స్టాండు మీద జరిగే పరీక్ష సగమేనని నాకు అప్పుడు తెలిసింది. విల్లు పోయి ఉండబోయే ఇంట్లో కర్రను ఎట్లా కాపాడుకుంటారో తెలుసుకోవడం మిగతా సగం. ఒకరు నూనె పట్టిస్తారు, ఒకరు పొయ్యి మీది పొగలో పెడతారు. ఎవరి పనిలో ఏది మంచిదో అదే ప్రేమగా చేస్తారు. అందుకే ఆ తర్వాత విల్లు ఇచ్చే ముందు, మీ ఇంటివాళ్లు ఏం పని చేసి బతుకుతారని అడగడం అలవాటు చేసుకున్నాను. షామీర్‌పేట నుంచి వచ్చేవాళ్లను మాత్రం నేరుగా మల్లేశ్ దగ్గరికి పంపేవాణ్ని. విల్లుకు నీళ్ల మొకం సూపియ్యద్దని ఆయన చెప్పేవాడు. ఎందుకని అడిగితే చెరువు, రాయి, తెల్లవారుజామున తుడవడం, ఏదీ దాచకుండా చెప్పేవాడు. నేను చెప్పినవాళ్లలో ఒకరిద్దరు మళ్లీ తడిపి తెచ్చారు గాని, మల్లేశ్ చెప్పినవాళ్లు ఒక్కరూ తేలేదు.