అమ్మవారు గీయని తీగ

నా కుడి ముంజేతి మీద, మణికట్టు నుంచి మోచేతి దాకా, ఒక తీగ ఉంది. వెలుతురులో పక్కకు వంచి చూస్తే తప్ప కనపడదు. చర్మం కంటే కాస్త లేత రంగులో మూడు ఆకులు, రెండు వంకీలు, కొసన ఒక మొగ్గ. చూసినవాళ్లు "పుట్టుమచ్చనా?" అని అడుగుతారు. పుట్టుమచ్చ ఇంత సింగారంగా ఉంటుందా అని నాకు చిరాకేస్తుంది. అది నా పొగరుకు మిగిలిన గుర్తు. అందులో మా అవ్వ తెలివి కూడా కలిసి ఉంది కాబట్టి దాచుకోను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఇల్లు శామీర్‌పేటలో, కొత్త ఉద్యోగం కొంపల్లిలో ఒక బట్టల షోరూంలో. నాయిన చెరువులో చేపలు పడతాడు, అమ్మ వాటిని కరీంనగర్ రోడ్డు పక్కన కూర్చుని అమ్ముతుంది. అవ్వ, అంటే నాయిన తల్లి, మా అందరినీ ఏలుతుంది. మా ఇంట్లో ఏసీ కింద నిలబడి జీతం తెచ్చుకునే మొదటి మనిషిని నేనే. ఆ గొప్ప నెత్తికెక్కి, ఒంటికి చేపల వాసన ఉందేమోనని రోజూ రెండుసార్లు స్ప్రే కొట్టుకుని బయల్దేరేదాన్ని. మేడ్చల్ పోయే ఆటోలో నా పక్కన కూర్చున్నవాళ్లు తుమ్ముకుంటూ పోయేవాళ్లు. వాడకట్టులో నా పేరే స్ప్రే పోరి అయిపోయింది.

ఆషాఢం వచ్చిందంటే అవ్వకు చేతినిండా పని. పెరట్లో గోరింటాకు దూసి, రోట్లో వేసి, ఇంత చింతపండు కలిపి మెత్తగా నూరుతుంది. ఇంట్లో ఆడవాళ్లని వరసగా కూర్చోబెట్టి, అరచేతిలో ఒక చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్లకు టోపీలు పెడుతుంది. ఆమె పెళ్లి నాటి నుంచి అదే డిజైన్. ఆ ఏడాది ఒక ఆదివారం నా వంతు వచ్చేసరికి నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"వద్దవ్వా. షోరూంల గీ టోపీలు జూస్తే నవ్వుతరు."

"ఆషాఢంల ఆకు వెట్టుకోకుంటే చేతులు పగుల్తయ్ బిడ్డా. వానల తిరిగేదానివి."

"ఏం పగులయి. నాకొద్దంటే వద్దు."

అవ్వ వేళ్ల కొసన ఉన్న ముద్దను తన ఎడమ అరచేతిలోనే అద్దుకుంది. అక్కడ అప్పటికే ఒక చందమామ ఉంది.

మర్నాడు సోమవారం, మధ్యాహ్నం అన్నం వేళ, షోరూం ఉన్న మాల్‌లోనే ఒక చిన్న బల్ల ముందు ఆగాను. టాటూలు వేసే ఆమె బల్ల అది. సూది లేదు, నొప్పి లేదు, పది రోజుల్లో దానంతట అదే పోతుందని చెప్పింది. నల్లగా నిగనిగలాడే కోన్ తీసింది. దోస్తు పెళ్లిలో ఒకసారి అలాంటి నల్ల కోనే పెట్టించుకున్నాను, ఏమీ కాలేదు. ఆ ధీమాతో చెయ్యి చాపాను. ఆమె ఒక తీగ గీసింది. నిజం చెప్పాలి, ముద్దుగానే గీసింది. ఆ సాయంత్రం బస్సులో కడ్డీ పట్టుకుని, అందరికీ కనపడేట్టు చెయ్యి ఎత్తి నిలబడ్డాను. సీటు ఖాళీ అయినా కూర్చోలేదు. ఇంటి మలుపు దగ్గరికి రాగానే మాత్రం చేతులు కిందికి లాక్కున్నాను. అవ్వ ఆకును కాదని, మర్నాడే డబ్బులిచ్చి మరీ పెట్టించుకొచ్చానని తెలిస్తే ఏ మొహం పెట్టుకుని ఆమె ముందు కూర్చోను?

బుధవారానికి చెయ్యి దురద మొదలైంది. మామూలు దురద కాదు, లోపల సెగ పెట్టినట్టు మంట. అయినా నిండు చేతుల చుడీదార్లు వేసుకుని తిరిగాను. పడుకునేటప్పుడు కుడి చేతిని చెంప కింద పెట్టుకోవడం నాకు చిన్ననాటి అలవాటు. గురువారం పొద్దున లేచి చూసుకుంటే కుడి కన్ను సగం మూసుకుపోయింది. చెంపంతా ఉబ్బి ఎర్రటి పొక్కులు తేలాయి.

అమ్మ నన్ను చూసి చేతిలో చెంబు వదిలేసింది. "అత్తా! జల్దీ రా! పోరికి తల్లి వోసిందే!"

మా వైపు ఒంటి మీద పొక్కులు లేస్తే ముందు గుర్తొచ్చేది అమ్మవారే. రోగం అనరు, తల్లి పోసింది అంటారు. అంటే ఇంటికి చుట్టంగా వచ్చింది, మర్యాద చేయాలి. కూర తాళింపు పెట్టొద్దు. చేపలు, మాంసం, ఏ నీసూ వండొద్దు. తల దువ్వొద్దు, మందు వేయొద్దు, గడప దాటొద్దు. పైగా బోనాల రోజులు, తల్లి ఊళ్లు తిరిగే కాలం. ఎవరికీ అనుమానం రాలేదు. పావుగంటలో గుమ్మానికి యాపకొమ్మలు వేలాడాయి, నా కింద యాపాకు పరుపయింది.

నోరు విప్పాల్సింది అప్పుడే. విప్పలేదు. మొదట సిగ్గు ఆపింది. తర్వాత, ఒప్పుకోవడానికేం, సుఖం ఆపింది. పెరుగన్నం కలిపి పెడతారు, కొబ్బరినీళ్లు తాగిస్తారు, సీజన్ ఆఖరి మామిడిపళ్లు వెతికి తెస్తారు. షోరూంకు నాయినే ఫోన్ చేసి చెప్పాడు. ఇక వాడకట్టు ఆడవాళ్లు వచ్చి గడప బయట నిలబడి దండం పెట్టేవాళ్లు. నాకు స్ప్రే పోరి అని పేరు పెట్టిన ఎదురింటామె కూడా వచ్చి కొంగు పట్టుకుని వంగింది.

"సల్లగ సూడు తల్లీ. మా బర్రె ఎప్పుడు ఈనుతదో జెర చెప్పు."

ఆమెను అలా వంగబెట్టినందుకు నాకు మస్తు సంతోషమైంది. "జల్దీనే," అన్నాను. అది ఆ సాయంత్రమే ఈనింది. శుక్రవారం పొద్దున్నుంచి మా గడప ముందు జనం పెరిగారు. ఒకామె కొడుకు ఉద్యోగం సంగతి, ఒకామె బోరులో నీళ్ల సంగతి. నేను అందరికీ జల్దీనే అన్నాను.

ఈ మర్యాదల్లో నలిగిపోయింది నాయిన ఒక్కడే. చెరువుకు కొత్త నీళ్లు వచ్చి వల నిండా చేపలు పడుతుంటే, ఆయన కంచంలో తాళింపు లేని పప్పు. "గీ తల్లి ఎన్నొద్దులుంటదే అమ్మా?" అని అడిగాడు.

"తొమ్మిది," అంది అవ్వ.

నాయిన పప్పు వంక చూసి ఒక నిట్టూర్పు వదిలాడు.

అసలు దెబ్బ శుక్రవారం పొద్దెక్కాక తగిలింది. ఆదివారం ఊరి బోనాలు. మా ఇంటి బోనం ఎప్పుడూ అవ్వే ఎత్తుతుంది. కోడలుగా ఈ ఇంటికొచ్చిన ఏడాది నుంచి పోచమ్మ గుడి దాకా అన్నం కుండ నెత్తిన పెట్టుకుని, పైన దీపం ఆరకుండా, నాయిన కడుపులో ఉన్న ఏడాది కూడా నడిచింది. ఆ సంగతి ఆమె చెప్పని రోజు ఉండదు. కొత్త కుండకు అప్పటికే సున్నం పూసి ఆరబెట్టింది. ఆ కుండను తీసుకెళ్లి మూలన బోర్లించడం నేను ఒంటి కంటితో చూశాను.

"ఎందుకవ్వా?"

"తల్లి ఇంట్లుండంగ మనం బోనమెత్తుకోని గుడికి ఎట్ల వోతం? గీ యేడు బోనం లేదనుకుందం."

తింటున్న మామిడిపండును పక్కన పెట్టేశాను. రూపాయి విలువ చేయని నా డాబు కోసం ఆమె బోనం ఆగిపోతోంది. ఆ పొద్దంతా దండాలకు వచ్చినవాళ్ల మీద విసుక్కున్నాను. అమ్మవారికి కోపమొచ్చిందని వాళ్లు ఇంకా వంగి దండాలు పెట్టారు.

శనివారం పొద్దున అవ్వ నా పక్కన కూర్చుని యాపమండతో చెంప మీద నెమ్మదిగా రాస్తోంది. దురదకు అది హాయిగా ఉంటుంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇక ఆగలేక చుడీదారు కుడి చేతిని మోచేతి పైకి లాగాను. తీగ ఉన్నచోటల్లా నీటిపొక్కులు వరసగా లేచి ఉన్నాయి. ఆకులు, వంకీలు, మొగ్గ, దేనికది ఉబ్బి కనపడుతోంది.

"అవ్వా, నాకు తల్లి వోయలే. కొంపల్లిల నల్ల కోన్ వెట్టిచ్చుకున్న. గీ చెయ్యి ముకం కింద వెట్టుకోని పన్న. గందుకే ఉబ్బింది."

అవ్వ యాపమండ ఆపలేదు. "ఎరికే."

"ఎరికనా?"

"తల్లి మస్తు మందికి వోసింది, గీ కండ్లతోని జూసిన. ఆకులు, మొగ్గలు గీసుకుంట వోస్తదా బిడ్డా? మొన్న రాత్రి నువ్వు పన్నప్పుడు చెయ్యి జూసిన."

నాకు ఒళ్లు మండింది, రెండు రకాలుగా. "మరెందుకు చెప్పలే? దావకానకు వోకుంట దురదతోని సస్తున్న నేను!"

"సస్తున్నవా? నిన్నొక్కనాడే నాలుగు మామిడిపండ్లు దిన్నవు."

పండ్లు తిన్నమాట నిజమే. కానీ కోపం ఉంది కదా. తెలిసీ కుండ ఎందుకు బోర్లించింది? అదే అడిగాను. అవ్వ యాపమండ పక్కన పెట్టి కాళ్లు చాపుకుంది. కుడి మోకాలి మీద చెయ్యి వేసుకుంది.

"గీ మోకాలు వశపడతలేదు. పోయినేడు గుడి మెట్లెక్కంగ కుండ జారవోయింది. ఎవ్వలు జూడలే. గీ యేడు ఎట్లనో అని పరేషాన్ల ఉన్న. నీ ముకం జూసి, తల్లే నాకు సాకు దొర్కిచ్చింది అనుకున్న."

"అమ్మకియ్యరాదా?"

"ఇస్తే ముసల్దానికి చాతనైతలేదంటరు. ఇయ్యాల కుండ గుంజుకుంటరు, రేపు రోలు గుంజుకుంటరు. మొన్న ఐతారం నువ్వు చేతులెన్కకు వెట్టుకున్నవు సూడు, గప్పుడే అనుకున్న. ఇగ నాతోని ఎవ్వలకు పని లేదని."

ఆ మాట అన్నప్పుడు అవ్వ నా వైపు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఉప్పు నీళ్లు పొక్కుల మీద పడితే మంట ఎత్తి, ఏడ్వడానికి కూడా లేకపోయింది. ఎడమ చేత్తో ఆమె మోకాలు పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆమె ముక్కు చీది, గొంతు సవరించుకుంది. పరిష్కారం దొరికిందన్నమాట.

అమ్మ రాగానే అవ్వ పంచాయితీ పెట్టింది. పోరి నల్ల కోన్ పెట్టించుకుందని చెప్పింది, చెయ్యి చూపించింది. మోకాలి ఊసు ఎత్తలేదు. "మనం పొరపాటున పిల్చినా తల్లి వచ్చింది గదా. మూడొద్దులు దండాలు వెట్టినం. వచ్చిన తల్లిని ఉత్తగ పంపొద్దు. ఎవ్వల పేరు మీద పిల్చినమో గాళ్లే బోనమెత్తి సాగనంపాలె," అని తీర్పు చెప్పింది. ఇలాంటి నియమం ఇంతకు ముందు మా ఇంట్లో ఎవరూ వినలేదు. కానీ అమ్మవారి విషయంలో అవ్వ మాటకు ఎదురు చెప్పేదెవరు? నాయిన మాత్రం, అయితే తాళింపు పెట్టొచ్చా అని అడిగాడు.

అమ్మ నన్ను మేడ్చల్‌లో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆటోలో మా ఊరివాళ్లు ఉన్నారని గట్టిగా తిట్టలేక, దారి పొడుగునా తొడ మీద గిచ్చింది. డాక్టరమ్మ చెయ్యి తిప్పి చూసి, "గోరింటాకులో నలుపు ఎక్కడైనా ఉంటుందా అమ్మా? జుట్టుకు వేసే రంగులో ఉండే మందు కలుపుతారు నలుపు కోసం. మొదటిసారి ఊరుకున్న ఒళ్లు రెండోసారి ఊరుకోదు," అంది. మాత్రలిచ్చి, మలాం రాసి, చేతికి గుడ్డ చుట్టింది. ఇక జన్మలో నల్ల కోన్ జోలికి పోవద్దని, జుట్టుకు నల్ల రంగు కూడా వేసుకోవద్దని గట్టిగా చెప్పింది. ఇరవై రెండేళ్లప్పుడు ఆ రెండో మాటకు నవ్వాను. ఇప్పుడు చెవుల పక్కన తెల్ల వెంట్రుకలు వస్తున్నాయి, నవ్వు రావడం లేదు.

ఆదివారం అవ్వే కుండకు పసుపు బొట్లు పెట్టింది, యాపకొమ్మలు చుట్టింది, దీపం వెలిగించింది. నెత్తి మీద చుట్టబట్ట సర్దుకుని నేను తల వంచాను. కన్ను తెరుచుకుంది కానీ చెంప ఇంకా ఉబ్బే ఉంది. కుడి చేతికి కట్టు, కాబట్టి కుండను ఎడమ చేత్తోనే పట్టుకోవాలి. అవ్వ నా కుడి పక్కకు వచ్చి, నా చెయ్యి ఉండాల్సిన చోట తన చెయ్యి ఆనించింది. సున్నం పూసిన తెల్లటి కుండ మీద ఆమె ఎర్రటి వేలి టోపీలు పక్కచూపులోనే కనపడ్డాయి. ఇంత అందం ఆ నల్ల తీగకు ఎక్కడిదనిపించింది.

డప్పుల వెనక నడుస్తుంటే ఎదురింటామె అడగనే అడిగింది. "ఏందత్తా, గీ యేడు నువ్వు ఎత్తలేదేంది?"

"నేనేడ ఎత్తుత బిడ్డా? తల్లి దాన్నే కోరింది," అంది అవ్వ, ఏమాత్రం తడుముకోకుండా.

ఎదురింటామె నాకు మళ్లీ దండం పెట్టింది. మూడు రోజులు అందరికీ జల్దీనే అన్న నేను, ఆ రోజు నోరు మూసుకుని నడిచాను. గుడి మెట్ల దగ్గరికి వచ్చేసరికి అవ్వ రెండో చెయ్యి నా భుజం మీదికి వచ్చింది. ముసలామె మనవరాలి కుండ పడకుండా కాస్తోందని అందరూ మెచ్చుకున్నారు. ఆమె బరువంతా నా భుజం మీద ఉందని నాకొక్కదానికే తెలుసు.