అత్త ఎక్కిన ఓడలు

మా అత్త పోయిన కబురు వచ్చేసరికి గాజువాకలోని నా ట్రావెల్స్ ఆఫీసులో రిటైరైన దంపతులు ఇద్దరు కూర్చుని ఉన్నారు. సింగపూర్ ఓడ ప్రయాణం గురించి అడగడానికి వచ్చారు. రెండు కంపెనీల కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచి, ఏ ఓడలో గదులు ఎలా ఉంటాయో, ఎందులో భోజనం ఎలా ఉంటుందో చెబుతున్నాను. ఫోన్ మోగింది. అత్త కొడుకు.

"బావా, అమ్మ పోయింది. పొద్దున్న టీ తాగి గ్లాసు కడిగి బోర్లించింది. వచ్చి కుర్చీలో కూసుంది. అంతే."

ఫోన్ పెట్టేసి వాళ్ళకి విషయం చెప్పాను. ఆ పెద్దాయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "కేంటీన్ సూపర్వైజరమ్మ గారేనా? మొన్న ఆదివారం ఉక్కునగరంలో వాళ్ళబ్బాయి క్వార్టర్ దగ్గర కలిశాం. పెద్ద ఓడలో గదులు బాగుంటాయి, చిన్న ఓడలో కూరలు బాగుంటాయి, వెళ్ళి మా వాణ్ణే అడగండి అని ఆవిడే పంపించారు" అన్నారు. ఆయన భార్య కాగితాలు మడతపెట్టి నా ముందుంచి లేచారు. ఆఫీసు తలుపు కూడా ఆవిడే దగ్గరకి వేసి వెళ్ళారు.

అత్త మా నాన్నకి అక్క. పాత హార్బరు పక్కన, వలలు ఆరేసే ఇసుకలో పుట్టింది. చిన్నప్పుడు మా నాయనమ్మతో పాటు చేపల గంప ఎత్తుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్ళేదట. పెళ్ళయ్యాక మామకి ఉక్కు కర్మాగారంలో పని దొరికింది. కొన్నాళ్ళకి ఆమెకీ అక్కడి కేంటీన్‌లో ఉల్లిపాయలు తరిగే పని దొరికింది. ఉల్లిపాయల దగ్గర్నుంచి పప్పు డేగిసా దగ్గరకి, అక్కణ్ణుంచి పుస్తకం పట్టుకుని నిలబడే సూపర్వైజర్ దాకా రావడానికి ఆమెకి చాలా ఏళ్ళు పట్టింది. నేను కాలేజీలో చేరే నాటికి షిఫ్టు షిఫ్టుకీ వందల మందికి భోజనం పెట్టించే మనిషి ఆమె.

ఆమె ఏ పెళ్ళికి వెళ్ళినా ముందు పెళ్ళికూతుర్ని చూడదు. తిన్న ఆకులు పారేసే చోటుకి వెళ్తుంది. ఆకుల్లో ఏం మిగిలిందో ఒకసారి చూసుకుని, తర్వాత పంక్తిలో కూర్చుంటుంది. "బావుందా అని అడిగితే ఎవులైనా మొహమాటానికి బావుందంతారు. ఒగ్గీసిన ఆకుల్ని సూస్తే అసలు సంగతి తెలిసిపోద్ది" అనేది. ఇంకో అలవాటు మమ్మల్ని ఇంకా ఇబ్బంది పెట్టేది. వడ్డించే మనిషి ఎవరైనా సరే, మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు తలెత్తి "నువ్వు తిన్నావేటి?" అని అడిగేది. హోటళ్ళలో సర్వర్లు తెల్లబోయేవారు. మేము తల వంచుకునేవాళ్ళం.

సముద్రం పక్కనే పుట్టినా సముద్రం మీదికి ఆమె వెళ్ళింది నడివయసులోనే. మా వాళ్ళలో ఆడవాళ్ళు పడవ ఎక్కరు. తొంభైల మధ్యలో, మామకి ప్రయాణపు సెలవు దొరికితే ఇద్దరూ విశాఖ రేవు నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళే ఓడ ఎక్కారు. మామ మూడు రోజులూ వాంతులతో పడుకున్నాడు. అత్త మాత్రం గంట మోగగానే పళ్ళెం పట్టుకుని అందరికంటే ముందు నిలబడింది.

"ఎలాగుంది అత్తా తిండి?" అని అడిగాను, వాళ్ళు తిరిగొచ్చాక.

"పప్పూ అన్నం, కోడిగుడ్డు కూర. అన్నీ పొగలు కక్కీ వేడి. అంత గాలిలో, అంత ఊపులో వేడిగా పెట్టడమంటే మాటలేటి? మీ మామ వాటా కూడా నానే తినీసేను."

మామ పోయిన కొన్నేళ్ళకి, కొత్త శతాబ్దం మొదట్లో, నేను ఈ ఆఫీసు తెరిచాను. ఉక్కునగరం క్వార్టర్ల సెక్టార్లలో అప్పుడప్పుడే రిటైరవుతున్న వాళ్ళున్నారు. ఉద్యోగమంతా మంట ముందు గడిపిన మనుషులు. ఒకసారి విమానం, ఒకసారి విదేశం, ఒకసారి పెద్ద ఓడ చూడాలనే కోరిక వాళ్ళది. అప్పటికే సింగపూర్ నుంచి మూడు రోజులు తిప్పి తీసుకొచ్చే ఓడలు ఉన్నాయి. నేను ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కకుండా ఏం చెప్పి అమ్మాలో తెలియలేదు. మొదటి బృందంతో అత్తని పంపాను. తన టిక్కెట్టు తనే కొనుక్కుంది. "నీ కాడ ఊరికే తీసుకుంటే నిజం సెప్పడానికి నోరాడదురా" అంది.

తిరిగొచ్చాక బృందం అంతా నా ఆఫీసులో కూర్చున్నారు. అత్త మధ్య కుర్చీలో.

"తిండి సూడ్డానికి బావుంటాది. బల్లల మీద బల్లలు, అన్నీ రంగులే. అన్నం మాత్రం ముద్ద. పెరుగు తియ్యన. మూడు పూటలయ్యేసరికి నోరు సచ్చిపోయింది."

"మరి సర్వీసు?"

"ఓలమ్మా, సర్వీసుకి వంక పెట్టడానికి నేదు. గది సర్దే గుంటడు తువ్వాలుని ఏనుగు లాగ మడతెట్టి మంచం మీద కూసోబెట్టీసేడు. ఇప్పితే ఆడి కష్టమంతా పోద్దని మూడ్రోజులూ మొకం కొంగుతోనే తుడుసుకున్నాను."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నిజంగానే విప్పలేదు.

"ఇచ్చిన డబ్బుకి న్యాయమేనా?" అన్నాను.

"పెట్టిందాన్లో సగం సెత్తలోకెల్లిపోతంది. ఆ సగానికీ మనమే గదేటి డబ్బులిచ్చేం? అయినా ఒక్కసారికి ఎల్లొచ్చురా. ఆ మెట్లు, ఆ దీపాలు... మీ మామ సూస్తే బావున్ను."

ఆ ఒక్క మాటతో నాకు తర్వాతి రెండు బృందాలు దొరికాయి. సెక్టార్లలో ఎవరు అడిగినా "సూపర్వైజరమ్మ ఏమందిట?" అనే అడిగేవారు.

మరుసటి ఏడాది ఇంకో కంపెనీ వచ్చింది. ఓడ చిన్నది, పాతది. టిక్కెట్టు తక్కువ. వంటవాళ్ళు మన దేశం వాళ్ళు. సాంబారు, పూరీ, గోంగూర పచ్చడి కూడా ఉంటుందన్నారు. నాకు అదృష్టం తలుపు తట్టినట్టే అనిపించింది. అత్తతో పాటు ఎనిమిది మందిని పంపించి, వాళ్ళు రాకముందే తర్వాతి ప్రయాణానికి డబ్బు కట్టి గదులు పట్టేశాను. తిరిగొచ్చిన ఎనిమిది మందీ సంతోషంగానే ఉన్నారు. ఒక్కటే ఫిర్యాదు: అందరికీ సరిపడా ఆవకాయ తెస్తానన్న అత్త, తీరా ఓడ ఎక్కాక సీసా పగిలిపోయిందని చెప్పిందట.

వెళ్ళాలనుకుంటున్న ముప్ఫై మందిని ఒక ఆదివారం ఆఫీసుకి పిలిచాను. టీ, బిస్కెట్లు పెట్టాను. అత్తని లేచి మాట్లాడమన్నాను.

"తిండి శానా బావుంది" అంది. "అన్నం పొడిపొడిగా ఉంది. సాంబారు మనింట్లో లాగే ఉంది. డబ్బుకి న్యాయం." నేను ఊపిరి పీల్చుకున్నాను. "కానీ నానైతే మళ్ళీ ఎక్కను."

వెనక కూర్చున్న రిటైర్డ్ ఫోర్‌మన్ ఒకాయన "ఏటమ్మా, ఏటయింది?" అని అడిగారు.

"మనకి ఒడ్డించినోల్లు తిన్నేదు బాబూ. పొద్దున్న ఇడ్లీ పెట్టినోడే మజ్జానం అన్నం పెట్టేడు, ఆడే రాత్రి ఐస్‌క్రీమూ పెట్టేడు. ఎప్పుడు పడుకున్నాడో, ఎప్పుడు తిన్నాడో. గిన్నెలు తోమీ కాడ మన భీమిలి పక్క మనిషి ఒకడు కనిపించేడు. ఏటి తిన్నావు నాయినా అని అడిగేను. మనం ఒగ్గీసిన రొట్టెలున్న ట్రే సూపించేడు."

ముప్ఫై మంది తొమ్మిది మంది అయ్యారు. అందరూ వెళ్ళాక మెట్ల దగ్గర అత్తని ఆపాను.

"నా కడుపు మీద కొట్టీసేవు గదా అత్తా."

"నీ కడుపు సంగతి సూసుకోడానికి నానున్నాను, మీ అమ్ముంది. ఆడి కడుపు సంగతి సెప్పడానికి అక్కడ ఎవులున్నార్రా?"

"నువ్వు ఎక్కడికెల్లినా కేంటీన్ కళ్ళతోనే సూస్తావు. ఆల్లు షికారుకి ఎల్తన్నారు, తనిఖీకి కాదు."

ఆ మాట ఆమెకి తగిలింది. ఆమె బతుకంతా ఆ కళ్ళతోనే గడిచింది మరి. సంచీ భుజానికి తగిలించుకుని, టీ తాగకుండా, సిటీ బస్సు ఎక్కి వెళ్ళిపోయింది. నాలుగు నెలలు నేను ఆమె ఇంటికి వెళ్ళలేదు. ఆమె ఆఫీసుకి రాలేదు.

మిగిలిన తొమ్మిది మందితో ఈసారి నేనే వెళ్ళాను. అత్త చెప్పింది అబద్ధమని తేల్చాలనే పట్టుదల. మొదటి రోజు సాంబారు నిజంగానే బాగుంది. వడ్డించేవాళ్ళ ముఖాల వైపు చూడకుండా తిన్నాను. రెండో రోజు మధ్యాహ్నం, భోజనాల హాలు ఖాళీ అయ్యాక, మా వాళ్ళలో ఒకావిడ మర్చిపోయిన చేతిసంచీ కోసం వెనక్కి వెళ్ళాను. తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ ఒక మనిషి దగ్గరికి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి.

"మీది వైజాగా సార్? మీ మాట విన్నాను."

అవునన్నాను.

"ఆమధ్య వైజాగ్ నుంచి ఒక అమ్మ వచ్చేరు సార్. నన్ను పిలిసి ఇంత పెద్ద ఆవకాయ సీసా చేతిలో పెట్టీసేరు. ఇరవై మందిమి తిన్నాం. నేపాల్ వోళ్ళూ, ఫిలిప్పీన్స్ వోళ్ళూ కళ్ళమ్మట నీళ్ళెట్టుకుని మరీ తిన్నారు. ఆ వారమంతా మా గదిలో పండగే సార్." ఆగి అడిగాడు. "ఆ అమ్మ మీకు తెలుసా? బావున్నారా?"

"మా అత్త. బావుంది" అన్నాను. నాలుగు నెలలుగా ఆమె ముఖం చూడని వాణ్ణి, ఇంకేం చెప్పను? సంచీ తీసుకుని వచ్చేస్తుంటే నా నోట్లోంచి దానంతటదే ఆ మాట వచ్చింది. "నువ్వు తిన్నావా?"

అతను నవ్వి, భుజాలు ఎగరేసి, లోపలికి వెళ్ళిపోయాడు.

విశాఖలో దిగి, ఇంటికి కాకుండా సూట్‌కేసుతోనే అత్త దగ్గరికి వెళ్ళాను. పెరట్లో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. పొలుసు చేతులకంతా అంటుకుని ఉంది. నన్ను చూసి కూడా పని ఆపలేదు.

"ఆవకాయ సీసా పగిలిపోయిందన్నావు గదా" అన్నాను.

కత్తి ఒక్క క్షణం ఆగింది. "మరేటి సెప్పాలి? మీ వాటా ఆవకాయ గిన్నెలు తోమేవోడికి ఇచ్చీసేనంటే ఆ ఎనిమిది మందీ ఊరుకుందురేటి?" మళ్ళీ పొలుసు గీకుతూ అడిగింది. "కనిపించేడా? సిక్కిపోయేడా?"

"బావున్నాడు. నిన్ను అడిగేడు."

తలూపింది. చెయ్యి కడుక్కుని లేచింది. నేను క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటున్నాను. ఆమె పీట వాల్చింది. "పులుసు అవ్వడానికి అరగంట పడతాది. అంతదాకా కూసో" అంది. ఆ రోజు ఆమె ఇంట్లో తిన్నంతగా మళ్ళీ ఎక్కడా తినలేదు.

ఆ చిన్న ఓడ టిక్కెట్లు అమ్మడం మానేశానని రాయాలని ఉంది. మానలేదు. అద్దె కట్టాలి, పిల్లల చదువులున్నాయి. కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. అత్త నన్ను ఒక్క మాట అనలేదు. రిటైరయ్యాక శనివారం శనివారం ఆఫీసుకి వచ్చి మూలన కూర్చునేది. వచ్చిన వాళ్ళకి రెండు ఓడల సంగతీ ఉన్నదున్నట్టు చెప్పేది. తిండి ఇలాగ, పక్క ఇలాగ, మనుషులు ఇలాగ. చివరికి ఎవరైనా చిన్న ఓడే ఖాయం చేసుకుంటే, "అయితే ఇంకో ఆవకాయ సీసా ఎక్కువ పట్టుకెల్లండి. మీకు కాదు" అనేది.

జనం పట్టుకెళ్ళారు. ఆవకాయే కాదు, జంతికలు, అరిసెలు, ఒకావిడైతే కందిపొడి. తిరిగొచ్చాక వాళ్ళు ఆఫీసులో చెప్పే కబుర్లు కూడా మారిపోయాయి. సింగపూర్ భవనాల గురించి రెండు ముక్కలు చెప్పి, ఫలానా వంటవాడికి కూతురు పుట్టిందని, ఫలానా నేపాలీ కుర్రాడు చపాతీలో కందిపొడి వేసుకుని తిన్నాడని గంటసేపు చెప్పేవారు. ఆ కంపెనీ తర్వాత మారిందో లేదో నాకు తెలియదు. మా వాళ్ళ పెట్టెలు మాత్రం బరువెక్కాయి.

పోయిన చలికాలం ఒక పొద్దున్న, విదేశీ యాత్రికుల ఓడ ఒకటి మన రేవుకి వస్తోందని తెలిసి అత్తని స్కూటర్ మీద బీచ్ రోడ్డు చివరన ఉండే కోస్టల్ బ్యాటరీ దగ్గరికి తీసుకెళ్ళాను. అప్పటికే ఆమెకి నడక కష్టమైంది. గట్టు మీద కూర్చోబెట్టాను. తెల్లటి ఓడ, అంతస్తుల మీద అంతస్తులు, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు నెమ్మదిగా వచ్చింది. పై అంతస్తుల్లో టోపీలు పెట్టుకున్న మనుషులు కొండని ఫోటోలు తీసుకుంటున్నారు. చుట్టూ ఉన్న జనం వాళ్ళకి చేతులూపుతున్నారు.

అత్త పైకి చూడటం లేదు. నీటికి దగ్గరగా, ఓడ పక్కగోడలో ఒక తలుపు తెరిచి ఉంది. అందులో తెల్ల ఏప్రన్ కట్టుకున్న మనిషి ఒకడు ఒంటరిగా నిలబడి గాలి పీల్చుకుంటున్నాడు. అత్త నా భుజం పట్టుకుని లేచి నిలబడింది. చెయ్యెత్తి ఊపింది. అతను చూడలేదు. రెండో చెయ్యి కూడా ఎత్తింది. అప్పుడు చూశాడు. ఒకసారి వెనక్కి తిరిగి తననేనా అని చూసుకుని, తలమీది టోపీ తీసి గాల్లో గట్టిగా ఊపాడు. ఓడ కొండ కిందికి తిరిగి రేవులోకి వెళ్ళిపోయేదాకా వాళ్ళిద్దరూ అలా ఊపుకుంటూనే ఉన్నారు.